గుడ్డ ఎగరకుండా తగు బరువు

ఆ రోజు పొద్దున్నే దుళ్ల వరహాలమ్మ తన అద్దె గది తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఆరుగురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో గునపం. ఇంకొకడి భుజాన పార. వాళ్ల వెనక మల్లేరుపేట పురపాలక సంఘం వారి ట్రాక్టరు ఇంజను ఆపకుండా గుర్రుమంటోంది.

మల్లేరుపేటలో పుట్టి పెరిగినవాళ్లెవరికైనా ఈ మూడూ ఒక్కచోట కనిపిస్తే ఒకటే అర్థం. వరహాలమ్మ కొంగు బిగించి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏది కూల్చడానికొచ్చారండి? అరుగా, గోడా?"

గుంపులోంచి మునిసిపల్ మేనేజరు తటవర్తి భీమశంకరం ముందుకొచ్చాడు. ఆయన చేతిలో పూలదండ ఉంది.

"కూల్చడానికి కాదమ్మా. మిమ్మల్ని అభివృద్ధి చెయ్యడానికొచ్చాం."

వరహాలమ్మకి అప్పుడు భయం వేసింది.

ఆవిడ చేసిన తప్పు ఒకటే. లైసెన్సు అడిగింది.

మల్లేరుపేటలో వ్యాపారం పెట్టాలనుకున్నవాడు మంచిరోజు చూసుకుని, కొబ్బరికాయ కొట్టి, బోణీ చేసేస్తాడు. మునిసిపాలిటీ వాళ్లు వచ్చినప్పుడు చూసుకుందాం అనుకుంటాడు. వాళ్లు వస్తారు. ఇద్దరూ చూసుకుంటారు. ఊరు మొదలైన దగ్గర్నుంచీ అలాగే నడుస్తోంది. వరహాలమ్మ మాత్రం వడియాల కేంద్రం పెడదామనుకుని, రోడ్డు పక్క గది ఒకటి, దాన్నానుకున్న ఖాళీ దొడ్డి అద్దెకి తీసుకుని, పద్ధతిగా ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు పెట్టింది.

ఆవిడ ఒక్కతి కోసమే అయితే ఆ తాపత్రయం పడేది కాదు. వీధిలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు పొరుగూరి రొయ్యల షెడ్డులో పనిచేసేవాళ్లు. పొద్దస్తమానం మంచులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి ఒలిచి వాళ్ల వేళ్లు నాని పుండ్లయ్యాయి. పక్కింటి నూకాలు అయితే అన్నం కలుపుకోలేక చెంచాతో తినే స్థితికి వచ్చింది. వరహాలమ్మ మాట నమ్మి వాళ్లందరూ షెడ్డు మానేశారు. రాజమండ్రిలో పెళ్లిళ్లకీ, హాస్టళ్లకీ వంటలు చేయించే బాజీ సాయిబు గుమ్మడి వడియాలు పెద్ద ఎత్తున తీసుకుంటానన్నాడు. షరతు ఒక్కటే. మృగశిర కార్తె లోపల ఒప్పుకున్న సరుకంతా చేతిలో ఉండాలి. ఆ తర్వాత ఆయన వేరేచోట చూసుకుంటాడు.

దాంట్లో ఆయన తప్పేం లేదు. మృగశిర చినుకు పడిందంటే ఎవరి వడియమూ ఆరదు. వడియాల వ్యాపారానికి పెట్టుబడి పప్పూ గుమ్మడికాయా కాదు, ఎండ. అది ఏ బ్యాంకులోనూ దొరకదు.

సరిగ్గా అదే నెలలో రాజధాని నుంచి ఒక కాగితం వచ్చింది. స్థానిక ఆర్థికాభివృద్ధిలో ఏ పట్టణం ఎక్కడుందో వరసగా వేసిన కాగితం. మల్లేరుపేట అట్టడుగున ఉంది. పురాధ్యక్షుడు కంచుమర్తి కొండలరావు అత్యవసర సమావేశం పెట్టించాడు.

"మన పట్టణమున అభివృద్ధి జరగటం లేదనడం అవాస్తవం," అన్నాడాయన, లేచి నిలబడి. "జరుగుతోంది. అయితే దొంగచాటుగా జరుగుతోంది. ఎవడో పొద్దున్నే వస్తాడు, తాళం తీస్తాడు, సరుకు అమ్మేస్తాడు. అభివృద్ధి జరిగినట్టు సాక్ష్యమేది? రోడ్డు వేస్తే శిలాఫలకం పెడుతున్నాం. కాలవ తవ్వితే పెడుతున్నాం. తవ్వకపోయినా పెడుతున్నాం. మరి వ్యాపారమేం పాపం చేసింది?"

సభ్యులు బల్లలు చరిచారు. ఒక్క కౌన్సిలరు మాత్రం నెమ్మదిగా లేచాడు.

"కిళ్లీకొట్టుకి కూడానాండి?"

"కిళ్లీకొట్టు అభివృద్ధి కాదని మీ అభిప్రాయమా?"

ఆయన కూర్చున్నాడు. తీర్మానం ఏకగ్రీవం. ఇకనుంచి పట్టణ పరిధిలో ఏ కొత్త వ్యాపారమైనా పెద్దల పేర్లతో కూడిన శిలాఫలకం ఆవిష్కరణ జరిగిన పిమ్మటనే ప్రారంభం కావలెను. అంతకు ముందు ఆ ఆవరణలో వ్యాపారానికి సంబంధించిన పని ఏది చేసినా ఆవిష్కర్తలను అవమానించినట్లు భావించబడును. ఇక మొదటి లబ్ధిదారు ఎవరా అని వెతికితే, ఊరు మొత్తం మీద దరఖాస్తు పెట్టినవాళ్లు ఒక్కరే దొరికారు.

భీమశంకరం వరహాలమ్మ మెడలో దండ వేశాడు. పారవాడు అరుగు పక్కన గొయ్యి తవ్వాడు.

"ఎన్నాళ్లు పడుతుందండి?" అంది వరహాలమ్మ, దండ సర్దుకుంటూ.

"రాయి రావడమే ఆలస్యమమ్మా."

రాయి ఆలస్యం చెయ్యలేదు. నాలుగో నాటికల్లా వచ్చేసింది. నల్లరాయి, అద్దంలా నునుపు చేసింది, మనిషి నడుమెత్తు. రాళ్లు చెక్కే అప్పలకొండ దాన్ని బిడ్డని దించినట్టు దించాడు. ఎమ్మెల్యే గారి పేరు, ఛైర్మన్ కొండలరావు గారి పేరు, కౌన్సిలర్ల పేర్లు, ఇంజనీరు పేరు, అన్నీ ఉన్నాయి.

"నా పేరేదండి?"

"వెనకవైపు చెక్కాలమ్మా," అన్నాడు భీమశంకరం. "గోడవైపు."

అప్పుడే సైకిలు మీద ఒక కౌన్సిలరు వచ్చి, కిందనుంచి పైకీ, పైనుంచి కిందకీ చదివి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రానికి తెలిసింది. రెండో వైస్ ఛైర్మన్ పేరు పడలేదు.

ఒక పేరే కదా, ఏ మూలనో ఇరికిస్తే సరిపోదా అని మీరనుకోవచ్చు. వరహాలమ్మా అలాగే అనుకుంది. భీమశంకరం ఓపిగ్గా వివరించాడు. అక్షరం పదవిని బట్టి ఉంటుంది. ఎమ్మెల్యే గారిది బెత్తెడు. ఛైర్మన్ గారిది అందులో ముప్పాతిక. వైస్ ఛైర్మన్లది సగం. ఎవరి అక్షరాన్నీ తగ్గించడానికి వీల్లేదు, తగ్గిస్తే అవమానం. ఎవరినీ కిందకి జరపడానికి వీల్లేదు, జరిపితే రాజీనామా. కాబట్టి ఒక పేరు పెరిగితే పెరగాల్సింది రాయే.

రెండో రాయి ఛాతీ ఎత్తు వచ్చింది. వారం తిరక్కుండా కమిషనరు గారికి బదిలీ అయింది. కొత్తాయన తన పేరు లేని రాయిని ఆవిష్కరించడం సర్వీసు నిబంధనలకి విరుద్ధమన్నాడు. పాతాయన తన పేరు తీస్తే కోర్టుకెళతానని ఫోను చేశాడు. మూడో రాయి ఇద్దరి పేర్లతోనూ వచ్చింది. ఈలోగా ఎమ్మెల్యే గారి మనిషి వచ్చి, కార్యక్రమానికి అధ్యక్షత, గౌరవ అధ్యక్షత, ఆత్మీయ ఆహ్వానం అనే మూడు వరసలు లేకపోతే సార్ రారని చెప్పి వెళ్లాడు.

నాలుగో రాయిని నిలబెట్టేసరికి గది ముఖద్వారం పూర్తిగా మూసుకుపోయింది. దాని మీద ఊదారంగు పట్టు తెర వేలాడదీశారు.

"లోపలికెలా ఎల్లాలండి?" అంది వరహాలమ్మ.

"ఆవిష్కరణ అయ్యేదాకా మీరు లోపలికెళ్లకూడదు కదమ్మా. కాబట్టి ఇబ్బంది లేదు."

"అయ్యాకండి?"

"అయ్యాక ద్వారం విషయం వేరే పథకం కింద పరిశీలిస్తాం."

వరహాలమ్మ ఆకాశంకేసి చూసింది. రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్లు పగిలే ఎండ. ఆ ఎండంతా వృథాగా రోడ్డు మీద పడి పోతోంది. వెనక సందులోంచి దొడ్డిలోకి వెళ్లి చూస్తే, చూరు కింద బూడిద గుమ్మడికాయలు గుట్టగా ఉన్నాయి. వాటి పక్కన చుట్టిన తాటాకు చాపలు. వాటి పక్కన గోడకానుకుని నూకాలు.

"షెడ్డు మేస్త్రి కబురెట్టాడు వదినా," అంది నూకాలు, చేతుల వైపు చూసుకుంటూ. "వచ్చేవారం నుంచి రమ్మంటన్నాడు. ఏం చెప్పమంటావు?"

వరహాలమ్మ చూపు దొడ్డిలో పడి ఉన్న మూడు రద్దయిన రాళ్ల మీద ఉంది.

రద్దయిన రాళ్లని ఏం చెయ్యాలన్నది పురపాలక చరిత్రలో ముందెన్నడూ రాని ప్రశ్న. పగలగొడదామంటే వాటి మీద పెద్దల పేర్లున్నాయి. తిరగేసి వాడుకుందామంటే పెద్దలు బోర్లా పడతారు. ఆఫీసులో పెడదామంటే చోటు లేదు. చివరికి కొత్త కమిషనరు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. భీమశంకరం దాన్ని దొడ్డి మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని చదివాడు.

"సదరు రద్దుకాబడిన శిలాఫలకములు పురపాలక సంఘపు ఆస్తి అయినందున, ఆవిష్కరణ దినము వరకు లబ్ధిదారు సంరక్షణలో వెల్లకిలా పరుండబెట్టవలెను. పెద్దల నామములపై కాకులు, పావురములు మొదలగు పక్షులు వాలకుండునట్లు శుభ్రమైన తెల్లని గుడ్డ కప్పవలెను. సదరు గుడ్డ గాలికి ఎగరకుండునట్లు తగు బరువు ఉంచవలెను. అయితే ఇటుకలు, రాళ్లు, పాదరక్షలు మొదలగు అగౌరవకరమైన వస్తువులు ఉంచరాదు. అతిక్రమించినచో దరఖాస్తు తిరస్కరించబడును."

"తగు బరువంటే ఏంటండి?"

"ఉత్తర్వులో లేదమ్మా. అగౌరవంగా ఉండకపోతే చాలు."

"తినే వస్తువైతే గౌరవమేనాండి?"

"అన్నం పరబ్రహ్మ స్వరూపం," అన్నాడు భీమశంకరం, భోజనం వేళవుతోందని గడియారం చూసుకుంటూ.

ఆయన సందు మలుపు తిరిగేదాకా వరహాలమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత ఎండలో కాగుతున్న నల్లరాయి మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఆనించినంత వేగంగానూ తీసేసింది.

"నూకాలూ. ఆ మేస్త్రికి రానని చెప్పు. పప్పు నానబొయ్యి."

మర్నాడు పొద్దున్నే రుబ్బురోళ్లు లేచాయి. గుమ్మడికాయలు ముక్కలయ్యాయి. మినప్పిండిలో ముక్కలూ, పచ్చిమిర్చి, ఉప్పూ, ఇంగువా కలిశాయి. రాళ్ల మీద తడిపిన తెల్లపంచెలు పరిచారు. వాటి మీద ఆడవాళ్లు వరసగా వడియాలు పెట్టుకుంటూ పోయారు, ఒక వరస ఎమ్మెల్యే గారి మీద, ఒక వరస ఛైర్మన్ గారి మీద, మిగిలిన వరసలు కౌన్సిలర్ల మీద.

గుమ్మడి వడియం చాప మీద మూడెండలు చూడనిదే ఎండదు. పైన సూర్యుడూ కింద నల్లరాయీ కలిసి కాల్చేసరికి సాయంత్రానికల్లా గలగలమంది. సరుకు చూడ్డానికొచ్చిన బాజీ సాయిబు ఒకటి విరిచి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం పెనం మీద ఎండబెట్టావమ్మా?"

"ప్రభుత్వం మీదండి," అంది వరహాలమ్మ.

విషయం ఆఫీసుకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. భీమశంకరం రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ప్రారంభం కాకుండా వ్యాపారం చేస్తున్నారా?"

"వ్యాపారమా? ఎక్కడండి?"

"ఇవేంటి మరి?"

"తగు బరువండి. గుడ్డ ఎగరకుండా."

భీమశంకరం వడియాలని చూశాడు. ఉత్తర్వు తీసి చూశాడు. మళ్లీ వడియాలని చూశాడు. కాకులు లేవు. గుడ్డ శుభ్రంగా ఉంది. ఒక్క చెంగు కూడా ఎగరడం లేదు. రాష్ట్రం మొత్తం మీద ఒక ఉత్తర్వు ఇంత తుచ తప్పకుండా అమలైన చోటు ఇంకొకటి ఉండదు.

"బాగానే ఉంది. మరి సాయంత్రం తీసేస్తున్నారట? పొద్దున్నే కొత్తవి పెడుతున్నారట?"

"ఆరిపోతే బరువు తగ్గిపోతాయి కదండి. తేలిగ్గా అయిపోయినవి గాలికి నిలబడవు. రేపు గుడ్డ ఎగిరి, ఛైర్మన్ గారి పేరు మీద కాకి వాలిందనుకోండి, తమరు ఊరుకుంటారేంటండి?"

"ఊరుకోను," అన్నాడు భీమశంకరం, అప్రయత్నంగా.

"అందుకేనండి రోజూ మారుత్తన్నాం. చాకిరీ ఎక్కువైనా తప్పుద్దేంటండి, పెద్దల మర్యాద కదా."

"తీసేసినవి ఏం చేస్తున్నారు?"

"పారేద్దామంటే రోడ్డు మీద చెత్తేత్తే మీరే జుల్మానా వేత్తారు కదండి. ఆ సాయిబు గారు పట్టుకెళ్లిపోతన్నారు. ఆయ్."

భీమశంకరం తన ఇరవయ్యేళ్ల సర్వీసులో దీనికి దారి వెతికాడు. దొరకలేదు. వెళ్లేటప్పుడు, తేలికైపోయిన బరువులు కొన్ని పరిశీలన నిమిత్తం పొట్లం కట్టించుకుని వెళ్లాడు. ఇంటి దగ్గర అవి నూనెలో పరిశీలించబడ్డాయి. రెండో పొట్లం కోసం ఆయన మళ్లీ తనిఖీకి వచ్చాడు.

బాజీ సాయిబు సరుకు సగం పైగా వెళ్లిపోయింది. ఆకాశంలో మొదటి మబ్బుతునక కనిపించింది. మిగిలిన కాయలన్నీ కోసేసి, వరహాలమ్మ ఆఖరి పెద్ద వాయి పెట్టించింది. రాళ్ల మీద ఇంచీ ఖాళీ లేదు. ఇక ఒక్క ఎండ కావాలి.

ఆ పొద్దున్నే సన్నాయి వినిపించింది.

రోడ్డు మొగలో ఎమ్మెల్యే గారి కారు, దాని వెనక ఛైర్మన్ గారి కారు, దాని వెనక మునిసిపల్ ట్రాక్టరు. భీమశంకరం ముందు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సార్ డేటిచ్చేశారమ్మా. ఇవాళే ఆవిష్కరణ. అదవగానే పాత రాళ్లు ట్రాక్టరెక్కించి స్టోరుకి పంపెయ్యమన్నారు. మీకు విముక్తి."

వరహాలమ్మ దొడ్డి వైపు తిరిగి చూసింది. రాళ్ల మీద వడియాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఇప్పుడు తీస్తే ముద్దయిపోతాయి. చాపల మీదికి మారిస్తే మూడెండలు కావాలి, మూడెండలు ఇక లేవు. ఆఖరి వాయి అందకపోతే సాయిబు బేరం రద్దు. బేరం రద్దయితే నూకాలు మళ్లీ మంచులో చేతులు పెట్టాలి.

"వదినా," అంది నూకాలు. ట్రాక్టరు కూలీలు అప్పటికే దొడ్డిలోకి దిగి, మొదటి రాయి చుట్టూ తాడు వేస్తున్నారు.

ముందువైపు ఎమ్మెల్యే గారు దండలు వేయించుకుని, తెర తాడు పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరు "సార్, ఇటు" అన్నాడు. వరహాలమ్మ గుంపుని తోసుకుని ముందుకొచ్చి, వంగి దణ్ణం పెట్టింది.

"లబ్ధిదారండి సార్," అన్నాడు భీమశంకరం.

"సంతోషమా తల్లీ?" అన్నారు ఎమ్మెల్యే గారు, తాడు వదలకుండానే.

"శానా సంతోషమండి. రాయి నిలబెట్టిన రోజున నేనే కడిగి పసుపు రాశానండి. తమరి పేరు మూడు జానలుందండి."

"అలాగా."

"ఆయ్. ఛైర్మన్ గారిది నాలుగున్నరండి."

సన్నాయి వాడు ఎందుకో ఆగాడు. ఎమ్మెల్యే గారి చెయ్యి తాడు మీద ఆగింది.

"కొండలరావూ. ఏంటిది?"

"అక్షరం చిన్నదేనండి," అన్నాడు ఛైర్మన్, చెమట తుడుచుకుంటూ. "కంచుమర్తి కొండలరావు, పురాధ్యక్షులు, పేదల పెన్నిధి. పేరు పొడుగు కావడం చేత అలా సాగింది."

"అంటే నాది పొట్టిదంటావు."

"అబ్బే."

"చూసేవాడు అక్షరం చూస్తాడా, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఎవడున్నాడో చూస్తాడా?" ఎమ్మెల్యే గారు తాడు వదిలేశారు. "నా పేరు ముందు మా నాన్నగారి పేరు వెయ్యండి. వెనక నా డిగ్రీలు వెయ్యండి. బిరుదులు మనవాడు ఇస్తాడు. ఆరు జానలుండాలి. అప్పుడు పిలవండి."

"మరి ఈ రాయండి?" అన్నాడు భీమశంకరం నీరసంగా.

"రద్దు."

"పాత రాళ్లు ట్రాక్టరు..."

"ఆవిష్కరణే లేనప్పుడు ట్రాక్టరేంటయ్యా?" అని కసిరాడు ఛైర్మన్.

కూలీలు తాడు విప్పేశారు. ఒక్క వడియం కూడా కదల్లేదు. కార్లు వెళ్లిపోయాయి. భీమశంకరం ఒక్కడే మిగిలాడు, చేతిలో కత్తిరించని రిబ్బనుతో.

"ఈ నాలుగోది కూడా మీ దగ్గరే ఉంచాలమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ. "వెల్లకిలా. కాస్త శ్రమే."

"తప్పుద్దేంటండి," అంది వరహాలమ్మ. "కాత్త దక్షిణం వైపుకి వేయించండి. అక్కడ నీడ పడదు."

మృగశిర చినుకు బాజీ సాయిబు ఆటో రోడ్డెక్కాక పడింది.

ఆ ఏడాది చివర్లో రాజధాని నుంచి మళ్లీ కాగితం వచ్చింది. వ్యాపార శిలాఫలకాలు తయారు చేయించడంలో మల్లేరుపేట రాష్ట్రంలోనే ప్రథమ స్థానం. ఎందుకంటే వరహాలమ్మ సంగతి తెలిశాక అప్పడాల వాళ్లూ, చల్లమిరపకాయల వాళ్లూ, ఉప్పుచేపల వాళ్లూ ఆఫీసు ముందు వరస కట్టారు. అందరూ పద్ధతిగా దరఖాస్తు పెట్టారు. అందరూ రాళ్లు అడిగారు. పెద్దల పేరు ఒక్కటి కూడా తప్పిపోకూడదని గట్టిగా కోరారు. ఉప్పుచేపల పోలమ్మ అయితే ఎమ్మెల్యే గారి మావగారి పేరు ఎందుకు వెయ్యలేదని ధర్నాకి కూర్చుంది. అప్పలకొండ ఇంటికి రెండో అంతస్తు లేచింది. పురపాలక రికార్డుల ప్రకారం మాత్రం ఊళ్లో ఇంతవరకూ ఒక్క వ్యాపారమూ ప్రారంభం కాలేదు.

కొత్త వేసవి మొదట్లో భీమశంకరం వరహాలమ్మ దొడ్డికి వచ్చాడు. వెనకే ట్రాక్టరు. అందులో అంతకు ముందెన్నడూ ఎవరూ చూడనంత పెద్ద రాయి.

"మన ప్రథమ స్థానానికి గుర్తుగా బస్టాండులో పెడదామనుకున్నామమ్మా," అన్నాడు, తల గోక్కుంటూ. "తీరా చూస్తే ఎవరిదో పేరు పడలేదట."

"అయ్యో," అంది వరహాలమ్మ. "ఎవరిదండి?"

ఆయన చెప్పేలోగా కూలీలు రాయి దించారు. అప్పటికే నూకాలు పంచె తడిపి, అటు కొస పట్టుకోవడానికి ఇంకొకరిని పిలుస్తోంది.